కొవ్వును అణచే ఐదు దారులు, వాటిని చెడగొట్టే నాలుగు మార్గాలు: ఎమ్మారై ఫాంటమ్ ప్రాజెక్టు డైరీ

ఎమ్మారై చిత్రంలో కొవ్వును నల్లగా చేయడానికి ఏ పద్ధతి మంచిదని అడిగితే తిన్నని జవాబు రాదు. ఒక సీసాలో నూనె, పక్క సీసాలో నీళ్లు పోసి, షిమ్ (ఫీల్డ్‌ను సమం చేసే సర్దుబాటు) సరిచేసి, మాగ్నెట్ నడిమధ్యలో పెట్టి స్కాన్ చేస్తే అన్ని పద్ధతులూ పాసైపోతాయి. మెడ దగ్గర, చీలమండ దగ్గర, స్క్రూ పక్కన మాత్రం ఒక్కోటి ఒక్కోలా చేతులెత్తేస్తుంది. అందుకే ఇక్కడ పోలికను తిరగేసి పెట్టుకున్నాం. ఏ పద్ధతి దేన్ని నమ్ముకుని నిలబడిందో ఆ ఆధారాన్ని కావాలని, కొలత ప్రకారం చెడగొట్టాలి. ఎంత చెడితే ఎంత కొవ్వు బయటపడిందో రాసుకోవాలి.

బరిలో ఉన్నవి ఐదు. చెస్ (CHESS) అంటే కొవ్వు ఫ్రీక్వెన్సీకి గురిపెట్టిన 90 డిగ్రీల రేడియో పల్స్, దాని వెంటే లేచిన సిగ్నల్‌ను చెదరగొట్టే స్పాయిలర్ గ్రేడియెంట్. రోజువారీ మాటల్లో ఫ్యాట్ శాట్ అంటే ఇదే. దీనికి బీ0 (మాగ్నెట్ స్థిర ఫీల్డ్), బీ1 (రేడియో పల్స్ ఫీల్డ్) రెండూ సమంగా ఉండాలి. స్టిర్ (STIR) ఫ్రీక్వెన్సీ జోలికి పోదు. అంతటినీ 180 డిగ్రీలు తిప్పి, కొవ్వు సున్నా దాటే క్షణాన చిత్రం తీస్తుంది. అది నమ్ముకున్నది టీ1ని, అంటే మాగ్నెటైజేషన్ తిరిగి కోలుకోవడానికి పట్టే సమయాన్ని. చెస్, స్టిర్ రెండూ 1985లో వచ్చినవే. స్పేర్ (SPAIR) ఈ రెండింటి సంకరం. కొవ్వును మాత్రమే, అదీ బీ1 తేడాలను తట్టుకునే అడియాబాటిక్ పల్స్‌తో తిప్పుతుంది కాబట్టి బీ1 బెంగ తీరుతుంది, బీ0 బెంగ మిగులుతుంది. వాటర్ ఎక్సైటేషన్ చిన్న పల్సుల వరసతో నీటిని మాత్రమే లేపుతుంది, కొవ్వును అసలు లేపదు. 1984 నాటి డిక్సన్ దేన్నీ అణచదు, రెండు మూడు ఎకోలు (తిరిగొచ్చే సిగ్నళ్లు) తీసుకుని లెక్కలో విడదీస్తుంది. అది తప్పితే లెక్కే తప్పాలి.

1వ వారం: ఫాంటమ్ పోత

ఫాంటమ్ అంటే మనిషికి బదులు స్కాన్ చేసే నమూనా, ఇక్కడ తొట్టెలో నిలబెట్టిన సీసాలు. నూనెగా వేరుశెనగ నూనె తీసుకున్నాం. దాని స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత సిగ్నల్) మనిషి ఒంట్లోని ట్రైగ్లిసరైడ్లకు బాగా దగ్గర. మినరల్ ఆయిల్ చవగ్గా, పాడవకుండా ఉంటుంది గానీ ఈ పనికి పనికిరాదు. అందులో డబుల్ బాండ్లు లేవు, గ్లిసరాల్ లేదు. కాబట్టి నీటి పక్కన కూర్చునే కొవ్వు శిఖరాలు అసలే ఉండవు. ఆ నూనెతో పరీక్ష పెడితే చెస్‌కు దొంగ మార్కులు పడతాయి.

జెల్‌కు లీటరు నీటికి ఆగర్ 20 గ్రాములు, నూనెను నీటిలో కలిపి ఉంచే సోడియం డోడెసిల్ సల్ఫేట్ 12.4 గ్రాములు (43 మిల్లీమోలార్), పాడవకుండా సోడియం బెంజోయేట్ అర గ్రాము. వరస ముఖ్యం. ఆగర్‌ను చల్లటి నీటి మీద చల్లి, కలుపుతూ 90 డిగ్రీలు దాటించాలి. ద్రావణం తేటపడే దాకా దించకూడదు. 60కి చల్లారాకే డోడెసిల్ సల్ఫేట్ వేయాలి. మరుగుతున్నప్పుడు వేస్తే నురగ పొంగుతుంది, ఆ నురగలోని ప్రతి బుడగా తర్వాత చిత్రంలో ఒక నల్లమచ్చ. నూనెను కూడా విడిగా 60 డిగ్రీలకు వేడి చేసి సన్నటి ధారగా పోయాలి. చల్లటి నూనె పోస్తే అది తగిలిన చోటల్లా ఆగర్ గడ్డకట్టి ఉండలవుతుంది. 50 డిగ్రీల దగ్గర సీసా గోడ వెంట జార్చి పోస్తే బుడగలు తక్కువ.

సీసాలు 50 మి.లీ.వి. కొవ్వు పాళ్లు 0, 10, 30, 50, 100 శాతం. 30 శాతం సీసాకు నూనె 15 మి.లీ., జెల్ ద్రావణం 35 మి.లీ. నూనె, నీటి ప్రోటాన్ సాంద్రతలు దాదాపు ఒకటే కాబట్టి ఘనపరిమాణం పాళ్లనే కొవ్వు శాతంగా తీసుకోవచ్చు. 70 శాతం సీసా కూడా అనుకున్నాం గానీ ఈ పాళ్లతో నూనె పట్టు చిక్కక విడిపోయింది. దాన్ని వదిలేశాం.

టీ1 పరీక్షకు గడోలినియం (టీ1ని తగ్గించే కాంట్రాస్ట్ మందు) సీసాలు వేరే. అమ్మే ద్రావణం లీటరుకు 0.5 మోల్. నేరుగా 50 మి.లీ.లో కలపాలంటే 0.08 మి.లీ. కొలవాల్సొస్తుంది, చేతి తప్పు ఖాయం. ముందు 1 మి.లీ. తీసి 100 మి.లీ.కి పెంచితే 5 మిల్లీమోలార్ మధ్య ద్రావణం వస్తుంది. దాని నుంచి 2, 4, 8, 16 మి.లీ. తీసి ఒక్కోదాన్ని 50కి పెంచితే 0.2, 0.4, 0.8, 1.6 మిల్లీమోలార్.

తొట్టె పొడవు 18 సెం.మీ. దాటనివ్వలేదు. నీటిలో 3 టెస్లా (మాగ్నెట్ ఫీల్డ్ బలం) స్కానర్ ఆర్ఎఫ్, అంటే రేడియో, తరంగం పొడవు సుమారు 26 సెం.మీ. మాత్రమే. తొట్టె ఆ కొలతకు చేరువైతే నీటిలోనే బీ1 ఎగుడుదిగుడవుతుంది. బీ1ని మేం చెడగొట్టాలి గానీ దానంతటది చెడకూడదు. లీటరుకు 3 గ్రాముల ఉప్పు వేశాం, కాయిల్‌కు కాస్త లోడ్ తగలాలి.

2వ వారం: కొలిచే పద్ధతి, చలికి జరిగిన నీరు

కొలత ఒక్కటే: అణచివేత ఉన్న చిత్రంలో 100 శాతం నూనె సీసా సిగ్నల్‌ను, అణచివేత లేని జోడీ చిత్రంలో అదే సీసా సిగ్నల్‌తో భాగించడం. ప్రతి సెట్టింగ్‌కూ జోడీ చిత్రం తప్పనిసరి. ఒకసారి తీసిన బేస్‌లైన్‌తో వారమంతా గడపడం కుదరదు.

సీక్వెన్స్ టర్బో స్పిన్ ఎకో: టీఆర్ (ఒక చక్రం మొదలు నుంచి తర్వాతి చక్రం దాకా సమయం) 3000 మి.సె., ఎకో ట్రెయిన్ (ఒక చక్రంలో తీసే ఎకోలు) 5, స్లైస్ 4 మి.మీ., మ్యాట్రిక్స్ 256, రిసీవర్ బ్యాండ్‌విడ్త్ పిక్సెల్‌కు 220 హెర్ట్జ్. ఈ బ్యాండ్‌విడ్త్‌లో కొవ్వు 1.5 టెస్లాలో ఒక పిక్సెల్, 3 టెస్లాలో రెండు పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. అందుకే కొలత వలయం సీసా అంచుకు తగలకూడదు. ఎకో ట్రెయిన్, ఎకోల మధ్య ఎడం రెండూ జోడీలో మారకూడదు. రీఫోకస్ పల్సులు దగ్గర దగ్గరగా పడితే జే-కప్లింగ్ (పొరుగు ప్రోటాన్లు ఒకదాని మీద ఒకటి చూపే ప్రభావం) తగ్గి కొవ్వు తనంతట తానే మెరుస్తుంది. ఆ మెరుపును అణచివేత ఖాతాలో రాయకూడదు.

మొదటి రెండు రోజుల అంకెలు చెత్తబుట్టకే పోయాయి. కారణాలు రెండు. చిత్రాన్ని సమంగా వెలిగించే నార్మలైజేషన్ ఫిల్టర్ ఆన్‌లో ఉండిపోయింది. పైగా ప్రతి స్కాన్‌కూ ప్రీస్కాన్ (స్కాన్‌కు ముందు యంత్రం చేసుకునే సర్దుబాటు) కొత్తగా నడిచి గెయిన్ మారుస్తోంది. ఫిల్టర్ ఆపి, సెంటర్ ఫ్రీక్వెన్సీ, ట్రాన్స్‌మిట్ రిఫరెన్స్ (రేడియో పల్స్ బలం), గెయిన్ మూడింటినీ లాక్ చేశాకే ఒకే సెట్టింగ్ రెండుసార్లు ఒకే అంకె ఇచ్చింది.

నాయిస్‌ను గాలి భాగంలో కొలవలేదు. ఎక్కువ ఛానెళ్ల కాయిల్, ప్యారలల్ ఇమేజింగ్ ఉన్నప్పుడు గాలిలోని నాయిస్ సీసాలోని నాయిస్‌కు ప్రతినిధి కాదు. ఒకే స్కాన్ రెండుసార్లు తీసి, ఒకదాన్నుంచి ఒకటి తీసేసి, మిగిలిన దాని స్టాండర్డ్ డీవియేషన్‌ను 1.414తో భాగించాం. మాగ్నిట్యూడ్ చిత్రంలో సున్నా సిగ్నల్ సున్నాగా కనబడదని కూడా గుర్తుంచుకోవాలి. ఒకే ఛానెల్ అయితే నాయిస్‌కు 1.25 రెట్ల దగ్గర అడుగు ఉంటుంది. నూనె సిగ్నల్ నాయిస్‌కు 100 రెట్లుంటే 1.25 శాతం కన్నా మంచి అణచివేతను ఈ చిత్రంలో ఎవరూ చూపించలేరు.

ఫాంటమ్ ఒక రాత్రంతా స్కానర్ గదిలోనే ఉంది. ఉష్ణోగ్రత 22 డిగ్రీలు. నీటి శిఖరం డిగ్రీకి 0.01 పీపీఎం (ఫ్రీక్వెన్సీలో పది లక్షల్లో వంతుల లెక్క) చొప్పున జరుగుతుంది, కొవ్వు శిఖరం దాదాపు కదలదు. ఒంట్లో 37 డిగ్రీల దగ్గర రెండింటికీ ఎడం 3.4 పీపీఎం అనుకుంటే, 22 దగ్గర 3.55. అంటే 1.5 టెస్లాలో 217 హెర్ట్జ్ బదులు 227, 3 టెస్లాలో 434 బదులు 453. చెస్‌కు 10 హెర్ట్జ్ ఒక లెక్క కాదు. డిక్సన్‌కు మాత్రం ఇది లెక్కే, ఆ గొడవ 7వ వారంలో వస్తుంది.

3వ వారం: ఫ్రీక్వెన్సీ జరపడం

బీ0ని చెడగొట్టే సులువైన దారి షిమ్‌ను కదపడం కాదు, సెంటర్ ఫ్రీక్వెన్సీని చేత్తో జరపడం. ఎంత జరిపామో హెర్ట్జ్ లెక్కన చేతిలో ఉంటుంది. 25 హెర్ట్జ్ మెట్లలో అటూ ఇటూ.

జరపకముందే చెస్ ఒక సంగతి బయటపెట్టింది: పల్స్ ఎంత సరిగ్గా కూర్చున్నా నూనె సీసా పూర్తిగా నల్లబడలేదు, 8, 9 శాతం దగ్గర ఆగిపోయింది. మొదట పల్స్ కోణాన్ని అనుమానించాం. తప్పు కోణంలో లేదు, కొవ్వులోనే ఉంది. కొవ్వు ఒక్క శిఖరం కాదు. ఎక్కువగా వాడే ఆరు శిఖరాల మోడల్‌లో, నీటితో పోలిస్తే స్థానాలు, వాటాలు ఇవి: మైనస్ 3.80 పీపీఎం దగ్గర 8.7 శాతం, మైనస్ 3.40 దగ్గర 69.3, మైనస్ 2.60 దగ్గర 12.8, మైనస్ 1.94 దగ్గర 0.4, మైనస్ 0.39 దగ్గర 3.9, ప్లస్ 0.60 దగ్గర 4.8. చివరి రెండూ నీటి ఒళ్లో కూర్చున్నాయి. నీటిని ముట్టుకోకుండా వాటిని కొట్టడం ఏ ఫ్రీక్వెన్సీ పద్ధతికీ సాధ్యం కాదు. రెండూ కలిపి 8.7 శాతం. స్పేర్, వాటర్ ఎక్సైటేషన్ కూడా ఇదే గోడ దగ్గర ఆగాయి.

జరపడం మొదలుపెట్టాక 1.5 టెస్లాలో చెస్ త్వరగా అలిసిపోయింది. నీటివైపు 50 హెర్ట్జ్ దాకా కొవ్వు నెమ్మదిగా పైకొచ్చింది. 100 దాటేసరికి నీటి సీసా కూడా మసకబారింది. సగం దారి 108 హెర్ట్జే కదా. 217 దగ్గర బొమ్మ తిరగబడింది: నూనె తెల్లగా, నీరు నల్లగా. క్లినికల్ చిత్రంలో ఈ రెండోది కనిపెట్టడం కష్టం. కొవ్వు మిగిలితే కంటికి కొడుతుంది. నీరు పోతే, అంటే వాపు ఉన్న చోట సిగ్నల్ మాయమైతే, అక్కడ ఏమీ లేదని చదివేస్తారు.

వాటర్ ఎక్సైటేషన్‌కు స్కాన్ చేయకముందే లెక్క వేసుకోవచ్చు. 1.5 టెస్లాలో పల్సుల మధ్య ఎడం 2.3 మి.సె. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ తప్పితే 1-1 పల్సు (అంకెలు వరసలోని పల్సుల బలాల పాళ్లు) 35 శాతం కొవ్వును లేపుతుంది, 1-2-1 అయితే 12, 1-3-3-1 అయితే 4. 3 టెస్లాలో ఎడం 1.15 మి.సె. కాబట్టి అదే 50 హెర్ట్జ్‌కు 18, 3, ఒక శాతం లోపు. ఖర్చు సమయంలో పడుతుంది: 1.5 టెస్లాలో 1-2-1 పొడవు 4.6 మి.సె., 1-3-3-1 పొడవు 6.9. టీఆర్ చిన్నగా ఉండే గ్రేడియెంట్ ఎకోలో అది చిన్న ఖర్చేం కాదు. మా ఓటు 1-2-1కే.

స్టిర్‌కు ఈ వారమంతా సెలవు. 200 హెర్ట్జ్ జరిపినా నూనె నల్లగానే ఉంది, చిత్రం కాస్త పక్కకు జరిగిందంతే.

4వ వారం: బీ1 తగ్గించడం

ట్రాన్స్‌మిట్ రిఫరెన్స్‌ను 70 నుంచి 130 శాతం దాకా మార్చాం. ఇలా మారిస్తే అణచే పల్సే కాదు, ఎక్సైటేషన్, రీఫోకస్ పల్సులు కూడా మారతాయి. జోడీ చిత్రం కూడా అదే రిఫరెన్స్‌తో తీస్తేనే భాగహారంలో ఆ తప్పు కొట్టుకుపోతుంది.

లెక్క చూడండి. బీ1 20 శాతం తగ్గిందనుకుందాం. చెస్ 90 డిగ్రీలు కాస్తా 72 అవుతుంది. 72 కొసైన్ 0.31, అంటే 31 శాతం కొవ్వు చెక్కు చెదరకుండా మిగులుతుంది. మామూలు 180 పల్స్‌తో నడిచే స్టిర్‌లో అది 144 అవుతుంది. తిరగబడ్డ మాగ్నెటైజేషన్ మైనస్ 1 బదులు మైనస్ 0.81 నుంచి బయల్దేరి, టీఐ (తిప్పిన క్షణం నుంచి చిత్రం తీసే దాకా ఎడం) నాటికి సున్నాను దాటి 10 శాతం దగ్గర ఉంటుంది. అదే లోటుకు మూడో వంతు శిక్ష. అడియాబాటిక్ ఇన్వర్షన్ పెడితే ఆ 10 కూడా పోతుంది, బీ1 కనీస హద్దు దాటితే చాలు. వాటర్ ఎక్సైటేషన్‌లో పల్సులన్నీ ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి కొవ్వు సున్నా సున్నాగానే ఉంటుంది, నీరు కాస్త మసకబడుతుంది. డిక్సన్‌ది కూడా అదే తీరు.

సీసాల్లో వచ్చిన వరస ఇదే. చెస్ అంకెకు పైన చెప్పిన 8.7 శాతం గోడ కూడా తోడైంది.

చెస్‌కు సరైన కోణం నిజానికి 90 కాదు. పల్స్‌కూ ఎక్సైటేషన్‌కూ మధ్య స్పాయిలర్‌తో కలిపి 20 మి.సె. పోతే, టీ1 260 ఉన్న కొవ్వు ఆ కాస్త సమయంలోనే 7 శాతం కోలుకుంటుంది. 95 డిగ్రీలు పెడితే కోలుకునే కొవ్వు ఎక్సైటేషన్ వేళకు సరిగ్గా సున్నా దగ్గరుంటుంది. ఒక ఫ్యాట్ శాట్ వెనక పదుల కొద్దీ గీతలు నింపే 3డీ గ్రేడియెంట్ ఎకోలో ఇది ఇంకా ముఖ్యం. కే-స్పేస్ (చిత్రం తయారయ్యే ముడి డేటా పట్టిక) నడుమ గీతలు ముందు నింపాలి. లీనియర్ వరసలో వదిలేస్తే నడుమకొచ్చేసరికి కొవ్వు లేచి కూర్చుంటుంది.

5వ వారం: టీఐ, గడోలినియం, స్లైసుల లెక్క

టీఐని 100 నుంచి 260 మి.సె. దాకా 10 మెట్లలో మార్చి నూనె సీసా లోయ ఎక్కడుందో వెతికాం. పుస్తకాల్లోని టీఐని ఫాంటమ్‌కు వాడకూడదు. చల్లటి నూనె టీ1, ఒంట్లోని వెచ్చటి కొవ్వు టీ1 ఒకటి కావు. లోయ అడుగు కూడా పూర్తిగా సున్నా కాదు, ఎందుకంటే మిథైల్ శిఖరం (మైనస్ 3.80 దగ్గరిది) టీ1 మిగతావాటికన్నా పొడవు. అందరూ ఒకేసారి సున్నా దాటరు.

టీఐ సూత్రం: టీఆర్‌ను టీ1తో భాగించి, దాని మైనస్‌ను e (2.718) మీద ఘాతంగా పెట్టి, వచ్చినదానికి 1 కలిపి, దాంతో 2ను భాగించి, సహజ లాగరిథమ్ తీసి, టీ1తో గుణించాలి. టీ1 260 అయితే టీఆర్ 2000 పైన ఎంతున్నా టీఐ 180. టీఆర్‌ను 600కు దించితే 156. టర్బో స్పిన్ ఎకోలో టీఆర్ అంటే మొత్తం టీఆర్ కాదు, ఎకో ట్రెయిన్ అయ్యాక కోలుకోవడానికి మిగిలే సమయం. పొడవాటి ట్రెయిన్ పెట్టి టీఐ మార్చకపోతే కొవ్వు మసగ్గా మిగిలేది అందుకే.

గడోలినియం సీసాల్లో 0.8 మిల్లీమోలార్ సీసా టీ1 లెక్కలో సుమారు 275. స్టిర్ చిత్రంలో నూనె సీసాతో పాటు అదీ మాయమైంది. స్టిర్‌కు కొవ్వంటే ఏమిటో తెలియదు, టీ1 ఒక్కటే తెలుసు. కాంట్రాస్ట్ ఇచ్చాక స్టిర్ వాడకూడదనే మాటను ఈ ఒక్క సీసా వంద మాటలకన్నా బాగా చెబుతుంది. 1.6 సీసా మళ్లీ తెల్లగా కనిపించింది. అది సున్నాను ముందే దాటేసింది.

స్టిర్ వసూలు చేసే ధర కూడా ఇక్కడే తేలుతుంది. టీఐ 180 దగ్గర టీ1 800 ఉన్న కండరానికి సిగ్నల్‌లో 60 శాతమే మిగులుతుంది, టీ1 3000 ఉన్న ద్రవానికి 88. వాపు మెరిసిపోవడంలో కొంత ఘనత ఈ తేడాదే.

స్పేర్‌లో ఒక ఉచ్చుంది. ఇన్వర్షన్ పల్స్ స్లైస్‌కు కాదు, మొత్తం కొవ్వుకు తగులుతుంది. అందుకని లెక్కలో వాడాల్సింది టీఆర్ కాదు, ఒక స్పేర్ పల్స్‌కూ తర్వాతి స్పేర్ పల్స్‌కూ మధ్య ఎడం. 3 టెస్లాలో టీ1 370 అనుకుంటే, ఒంటరి పల్స్‌కు టీఐ 256. 250 మి.సె.కు ఒకటి చొప్పున పడుతుంటే 104. స్లైసులు పెంచితే ఆ ఎడం మారుతుంది, టీఐ మారాలి. స్కానర్ దానంతట అదే లెక్క వేసుకుంటున్నంత కాలం ఇబ్బంది లేదు. టీఐని చేత్తో కట్టేసి, తర్వాత స్లైసులు మార్చిన ప్రొటోకాల్‌లో కొవ్వు ఎందుకు తేలుతోందో ఎంతసేపు వెతికినా దొరకదు.

6వ వారం: బంతి, స్క్రూ

40 మి.మీ. టేబుల్ టెన్నిస్ బంతిని 30 శాతం కొవ్వు జెల్ దిమ్మలో పాతిపెట్టాం. నీరు, కొవ్వు ఒకేచోట ఉంటాయి కాబట్టి ఏది పోయిందో, ఏది మిగిలిందో విడిగా తెలుస్తుంది. జెల్ 45 డిగ్రీలకు దిగాకే పోయాలి, లేకపోతే బంతి మెత్తబడి సొట్టపోతుంది. బంతి తేలిపోకుండా నైలాన్ దారంతో అడుక్కు కట్టాలి.

గాలికీ నీటికీ ససెప్టిబిలిటీ (ఫీల్డ్‌లో పదార్థం అయస్కాంతమయ్యే తీరు) తేడా 9.4 పీపీఎం. గోళానికి బయట ఫీల్డ్ లెక్క తేలిక: బీ0 దిశలో ఉన్న ధ్రువాల దగ్గర ఉపరితలం మీద ప్లస్ 6.3 పీపీఎం, నడుము చుట్టూ మైనస్ 3.1. దూరం ఘనంతో పడిపోతుంది. ధ్రువం నుంచి 20 మి.మీ. బయటికి వెళ్తే 0.78 పీపీఎం, అంటే 1.5 టెస్లాలో 50 హెర్ట్జ్, 3 టెస్లాలో 100.

చెస్ చిత్రంలో ఇది కళ్లకు కట్టింది. ధ్రువాలకు 4, 5 మి.మీ. దూరంలో కొవ్వు సరిగ్గా 3.4 పీపీఎం పైకి జరిగి నీటి సీట్లో కూర్చుంది. పల్స్ దాన్ని ముట్టుకోలేదు. రెండు వైపులా తెల్లటి టోపీలు. నడుము చుట్టూ నీరే 3 పీపీఎం కిందికి జారి పల్స్ గురిలో పడింది. అక్కడ నల్లటి పట్టీ. ఒకే బంతి, ఒకే చిత్రం, రెండు తప్పులు. షిమ్ ఎంత దిద్దినా ఈ ఆకారం పోదు, షిమ్ కాయిళ్లకు ఇంత పదునైన మలుపులు చేతకావు. ఇక్కడ 3 టెస్లాకు పోతే లాభం లేదు. కొవ్వు-నీటి ఎడం, ఫీల్డ్ తప్పు రెండూ కలిసే రెట్టింపవుతాయి. స్టిర్‌లో బంతి చుట్టూ ఆకారం వంకరపోయింది, అణచివేత మాత్రం నిలిచింది.

స్క్రూ ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం. గదిలోకి తీసుకెళ్లే ముందు చేతి అయస్కాంతంతో పరీక్ష తప్పదు. టైటానియం ససెప్టిబిలిటీ 182 పీపీఎం, నీటితో దాని తేడా గాలి తేడాకు దాదాపు 20 రెట్లు. చెస్, స్పేర్, డిక్సన్ మూడూ స్క్రూ చుట్టూ ఓడాయి. ఆశ్చర్యం స్టిర్‌లో ఎదురైంది. స్క్రూ పక్కన సన్నటి తెల్లటి అంచు మిగిలింది. ఇన్వర్షన్ పల్స్ బ్యాండ్‌విడ్త్ ఎక్సైటేషన్ పల్స్ కన్నా తక్కువగా ఉండటమే కారణం. ఫీల్డ్ వంగిన చోట రెండు పల్సులూ ఎంచుకునే స్లైసులు వేరు వేరు చోట్ల పడి, తిరగబడని కొవ్వు చిత్రంలోకి వచ్చేసింది. రెండింటి బ్యాండ్‌విడ్త్ సమం చేస్తే ఆ అంచు చాలావరకు పోయింది.

7వ వారం: డిక్సన్ తలకిందులు

మొదటి స్కాన్‌లోనే 100 శాతం నూనె సీసా నీటి చిత్రంలో తెల్లగా వచ్చింది. పక్కనున్న 10 శాతం సీసా సరిగ్గానే ఉంది. తప్పు సీసాలో లేదు, సీసాల మధ్య గాలిలో ఉంది. ఆ రోజు తొట్టె ఖాళీగా పెట్టి స్కాన్ చేశాం. డిక్సన్ లెక్క ఫీల్డ్ మ్యాప్‌ను ఒక చోట నుంచి పక్క పిక్సెల్‌కు, అక్కడి నుంచి ఆ పక్కకు అల్లుకుంటూ పోతుంది. మధ్యలో సిగ్నల్ లేని ఖాళీ వస్తే ఆ అల్లిక తెగుతుంది. అవతలి సీసా ఒక దీవి. స్వచ్ఛమైన నూనెకూ, 434 హెర్ట్జ్ జరిగిన స్వచ్ఛమైన నీటికీ రెండు ఎకోల లెక్కలో తేడా లేదు. లెక్క నాణెం ఎగరేస్తుంది. తొట్టె నిండా ఉప్పునీళ్లు పోసి మళ్లీ తీస్తే నూనె తన చోటికి వచ్చింది. రెండు కాళ్లు విడివిడిగా ఉండే స్కాన్‌లో ఒక కాలు మాత్రమే తలకిందులవడం వెనక కథ ఇదే.

ఎకో సమయాలు: 1.5 టెస్లాలో ఎదురు ఫేజ్ (కొవ్వు, నీటి సిగ్నళ్లు ఎదురెదురు) 2.3, ఒకే ఫేజ్ (రెండూ ఒకే దిశలో) 4.6 మి.సె. 3 టెస్లాలో 1.15, 2.3. ఇవి 37 డిగ్రీల అంకెలు. 22 డిగ్రీల ఫాంటమ్‌లో 4.6 మి.సె. నాటికి కొవ్వు 16 డిగ్రీలు ముందుకు పోయి ఉంటుంది. కొవ్వు ఫ్రీక్వెన్సీని 3.55 పీపీఎంకు మార్చాకే పాళ్లు నేలకు దిగాయి. మూడు ఎకోలతో తీసేటప్పుడు కొవ్వు-నీటి ఫేజ్ తేడాలు మైనస్ 30, 90, 210 డిగ్రీలు ఉండేలా ఎంచుకున్నాం. ఎకోకు ఎకోకు 120 డిగ్రీల ఎడం, 1.5 టెస్లాలో సుమారు 1.5 మి.సె. నాయిస్ పరంగా ఇది దాదాపు మూడు స్కాన్‌ల సగటుతో సమానం. సమయం మూడు రెట్లు పోయిందని బాధపడేవాళ్లు ఈ సగటును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఫ్లిప్ యాంగిల్ (పల్స్ మాగ్నెటైజేషన్‌ను వంచే కోణం) 3 డిగ్రీలు. మొదట 12 పెడితే ప్రతి సీసాలోనూ కొవ్వు ఎక్కువ చూపించింది. టీ1 పొట్టిగా ఉన్న కొవ్వు ప్రతి టీఆర్‌లోనూ నీటికన్నా ముందు కోలుకుంటుంది, ఆ తొందర కొవ్వు శాతంగా లెక్కకెక్కుతుంది. కొవ్వును ఒకే శిఖరంగా తీసుకున్నప్పుడు 100 శాతం నూనె సీసాలో కూడా కాస్త నీరు తేలింది. 3వ వారంలో చెస్ ఆగిన గోడే ఇది, వేషం మార్చుకుంది. ఆరు శిఖరాల మోడల్ పెట్టగానే ఆ నీరు పోయింది. ఈ ఐదింటిలో ఆ గోడను ఫ్రీక్వెన్సీతోనే దాటిన పద్ధతి డిక్సన్ ఒక్కటే. స్టిర్ కూడా దాటుతుంది గానీ దాని దారి వేరు.

ఇన్ని సరిచేశాక 0, 10, 30, 100 సీసాలు గీత మీదకొచ్చాయి. 50 శాతం సీసా రాలేదు. మోడల్ మార్చాం, ఎకోలు మార్చాం, ఉష్ణోగ్రత మళ్లీ కొలిచాం. చివరికి సీసాను అడ్డంగా కాక నిలువుగా కోసే స్లైస్ పెట్టి చూస్తే పైభాగంలో కొవ్వు ఎక్కువ, అడుగున తక్కువ. ఆగర్ గడ్డకట్టేలోపే నూనె మీగడలా పైకి తేలింది. కొలత సరైనదే, సీసాయే తప్పు. కొత్త 50 శాతం సీసాను 45 డిగ్రీల దగ్గర పోసి, వెంటనే మంచు నీళ్లలో నిలబెట్టాలి. గడ్డకట్టే దాకా నెమ్మదిగా దొర్లిస్తూ ఉండాలి. పోత రేపు.